ఎండకు ప్లాస్టిక్ ఎందుకు పెళుసెక్కుతుంది? యూవీ మందు ఎలా పనిచేస్తుంది, ఎలా అయిపోతుంది

పలమనేరులో పాలీహౌస్ వేసే రైతుకైనా, తిరుపతిలో మిద్దె మీద పాలీకార్బొనేట్ షీటు వేయించుకునే ఇంటి యజమానికైనా దుకాణంలో వినిపించే మాట ఒకటే: ‘ఇది యూవీ స్టెబిలైజ్డ్ అండీ, ఏళ్ల తరబడి ఉంటుంది.’ మొదటి సగం నిజమే అయి ఉండొచ్చు. రెండో సగానికి మాత్రం ఇంకా చాలా తెలియాలి. ఏ మందు కలిపారు, ఎంత కలిపారు, వస్తువు మందం ఎంత, దాని పక్కన ఏ పురుగుమందులు కొడతారు, అది ఎంత వేడెక్కుతుంది అన్నవి తెలియకుండా సంవత్సరాల లెక్క చెప్పడానికి ఆధారమే లేదు. ఎండను తట్టుకునే గుణం ప్లాస్టిక్‌కు సొంతంగా చాలా తక్కువ. తయారీలో కలిపిన కొద్దిపాటి రసాయనమే, అంటే యూవీ మందే, ఆ పని చేస్తుంది, చేస్తూ చేస్తూ తరిగిపోతుంది. కొన్నిసార్లు ఎండ వల్ల కాక, మన చేతులతో మనమే దాన్ని పాడుచేసుకుంటాం.

సూర్యకాంతిలో నేల వరకు చేరే అతినీలలోహిత (యూవీ) కిరణాలు దాదాపు 295 నుంచి 400 నానోమీటర్ల మధ్యవి. మొత్తం సూర్యశక్తిలో వీటి వాటా 5, 6 శాతమే అయినా రసాయన బంధాలను తెంచే సత్తా వీటికే ఉంది. విచిత్రం ఏమిటంటే, శుద్ధమైన పాలిథిన్, పాలీప్రొపిలీన్ ఈ కిరణాలను పీల్చుకోవు. పీల్చుకునేవి వాటిలో మిగిలిపోయిన ఉత్ప్రేరకపు అవశేషాలు, 200 డిగ్రీల వేడిలో కరిగించినప్పుడు పుట్టిన కార్బొనిల్, హైడ్రోపెరాక్సైడ్ గుంపులు. అవి తెగి ఫ్రీ ర్యాడికల్స్, అంటే పక్కదానితో వెంటనే కలబడే అణువు ముక్కలు, పుడతాయి. ర్యాడికల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సీ ర్యాడికల్ అవుతుంది, అది పక్కనున్న ప్లాస్టిక్ అణువుల గొలుసు నుంచి హైడ్రోజన్ లాక్కుని హైడ్రోపెరాక్సైడ్‌గా మారుతుంది, కిరణం తగిలితే ఆ హైడ్రోపెరాక్సైడ్ చీలి మళ్లీ రెండు ర్యాడికల్స్ వస్తాయి. ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగే వ్యవహారం ఇది. పాలీప్రొపిలీన్ గొలుసులో సులువుగా ఊడే హైడ్రోజన్లు ఎక్కువ కాబట్టి అది పాలిథిన్ కంటే ముందు పోతుంది. మందు కలపని పాలీప్రొపిలీన్ తాడు మన ఎండకు ఒక్క వేసవిలోనే పొడిపొడిగా రాలడానికి కారణం అదే.

రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ గుళికలతో చేసిన సరుకు త్వరగా పెట్లిపోవడానికీ ఇదే కారణం. ఒకసారి ఎండలో ఉండి, రెండుసార్లు కరిగిన ప్లాస్టిక్‌లో కిరణాలను పీల్చే గుంపులు ముందే నిండి ఉంటాయి, పాత మందు అయిపోయి ఉంటుంది. మదనపల్లె వైపు టమాటా క్రేట్లలో కొత్తవి, చూడ్డానికి మెరిసేవి కూడా కొన్ని ఏడాదికే మూలలు విరగడం వెనక ఉన్నది తరచూ ఇదే.

మందులు మూడు రకాలు, పనులు వేరు

మొదటి రకం కిరణాలను తాను పీల్చుకుని వేడిగా మార్చి వదిలేసేవి. బెంజోఫినోన్లు, బెంజోట్రయజోల్‌లు, హైడ్రాక్సీఫినైల్ ట్రయజీన్లు ఈ కోవలోవి. వీటి పని పూర్తిగా మందం మీద ఆధారపడి ఉంటుంది. ఒక లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. పాలిథిన్‌లో 0.3 శాతం బెంజోఫినోన్ రకం మందు కలిపారనుకోండి. 325 నానోమీటర్ల దగ్గర, 200 మైక్రాన్ల పాలీహౌస్ షీటు గుండా దాటేది దాదాపు 2 శాతం కిరణాలే. అదే మందు, అదే మోతాదు పాదుల మీద పరిచే 25 మైక్రాన్ల మల్చింగ్ షీటులో ఉంటే సుమారు 60 శాతం కిరణాలు దాటిపోతాయి. అంటే పలుచటి షీటులో ఈ మందు ఉన్నా దాదాపు లేనట్టే. మందపాటి వస్తువులో కూడా ఇది కాపాడేది లోపలి పొరలనే, పైన ఉన్న మొదటి కొన్ని మైక్రాన్లకు దీనివల్ల రక్షణ లేదు.

ఆ పై పొరను, పలుచటి షీటును కాపాడేది రెండో రకం. హిండర్డ్ అమైన్లు అంటారు, పరిశ్రమలో అందరూ వాడే పేరు హాల్స్. ఇవి కిరణాలను ఆపవు. కిరణం వల్ల పుట్టిన ర్యాడికల్‌ను పట్టుకుంటాయి. అమైన్ ముందు ఆక్సీకరణ చెంది నైట్రాక్సిల్‌గా మారుతుంది. నైట్రాక్సిల్ ప్లాస్టిక్ గొలుసు మీది ర్యాడికల్‌ను అంటుకుని దాని నోరు కట్టేస్తుంది. తర్వాత పెరాక్సీ ర్యాడికల్ ఒకటి వచ్చినప్పుడు దాన్నీ నిర్వీర్యం చేసి, తాను మళ్లీ నైట్రాక్సిల్‌గా బయటపడుతుంది. ఒకే అణువు ఇలా ఎన్నో చుట్లు తిరుగుతుంది కాబట్టే 0.2 శాతం నుంచి 1 శాతం లోపు మోతాదుతో ఏళ్లు లాగగలుగుతుంది.

మూడోది పాతది, చవకది, అన్నిటికంటే గట్టిది: మసి. డ్రిప్ లేటరల్ పైపులు, నల్ల హెచ్‌డీపీఈ పైపులు కలకాలం నిలిచేది ఈ మసి (కార్బన్ బ్లాక్) వల్లే. హెచ్‌డీపీఈ నీటి పైపులకు ఐఎస్ 4984 ప్రమాణం కోరేది 2.5 శాతం, అరశాతం అటూ ఇటూ. శాతం ఒక్కటే సరిపోదు, రేణువులు చాలా సన్నగా, ఎక్కడా ముద్ద కట్టకుండా పరుచుకోవాలి. నాసిరకం పైపును సన్నని చీలికగా కోసి వెలుతురుకు పెట్టి చూస్తే నలుపు మధ్యలో మచ్చలు, చారలు కనిపిస్తాయి. మసి లేని ఆ చారల దగ్గరే పగులు మొదలవుతుంది.

అయిపోవడం అంటే ఏమవుతుంది?

కొనేవాళ్లు అడగనిది, అమ్మేవాళ్లు చెప్పనిది ఇదే. యూవీ మందు కనీసం నాలుగు దారుల్లో పోతుంది.

కిరణాలను పీల్చే మందు తాను కూడా మెల్లగా విరిగిపోతుంది. మొదట్లో ఈ నష్టం చాలా నెమ్మది, ఎందుకంటే పై పొరలోని మందు కింది పొరలోని మందును కాపాడుతూ ఉంటుంది. పైది తరిగేకొద్దీ వెలుతురు లోపలికి దిగి, అడుగున ఉన్న మందు కూడా ఒకేసారి దెబ్బతింటుంది. అందుకే చివరి దశ వేగంగా వస్తుంది. ప్లాస్టిక్ సాగే గుణం కూడా అంతే: చాలాకాలం పెద్దగా మారకుండా ఉండి, మందు ఒక మట్టం కిందికి దిగగానే నిలువునా పడిపోతుంది. ఊరగాయలో ఉప్పు తక్కువైతే మొదటి నెలలో రంగూ రుచీ బాగానే ఉంటాయి, బూజు కనిపించాకే విషయం తెలుస్తుంది. మందు తక్కువ కలిపిన షీటూ అలాంటిదే. కొన్న రోజున, మొదటి ఏడాదిలో మంచి షీటుకూ దీనికీ తేడా కంటికి ఆనదు. ప్రయోగశాలల్లో షీటు ఆయుష్షు తీరిందని చెప్పే గీటురాయి కూడా రంగు కాదు. తెగేలోపు ఎంత సాగుతుందో కొలిచి, అది కొత్తగా ఉన్నప్పటిదానిలో సగానికి పడితే దాని పని అయిపోయినట్టు.

రెండో దారి వలస. మందు అణువు చిన్నదైతే ప్లాస్టిక్ లోపల కదులుతూ పైకి వస్తుంది. పైకి వచ్చినది వేడికి ఆవిరైపోతుంది, లేదా వానకు కొట్టుకుపోతుంది. హాల్స్‌లో చిన్న అణువైన టినువిన్ 770 అణుభారం 481. ఇంకో హాల్స్ కిమాసోర్బ్ 944 పొడవాటి అణువు, దాని భారం 2000 నుంచి 3100 దాకా ఉంటుంది. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న క్రేటులో చిన్న అణువు ఎంతో మేలు, లోపలి నిల్వ మెల్లగా పైకి చేరి ఖర్చయిన చోటును నింపుతుంది. అదే చిన్న అణువు 25 మైక్రాన్ల మల్చింగ్ షీటులో ఉంటే వెనక నిల్వ అంటూ ఏమీ ఉండదు, కొద్ది నెలల్లో ఖాళీ. షేడ్‌నెట్ దారం సన్నం, ఉపరితలం ఎక్కువ, కాబట్టి అక్కడా పెద్ద అణువే కావాలి. ‘హాల్స్ వేశాం’ అని ఇద్దరు తయారీదారులు ఒకే మాట చెప్పినా, ఒకరి సరుకు మూడేళ్లు, ఇంకొకరిది ఏడాది రావడానికి ఈ తేడా చాలు.

మూడోది వేడి. పాలీహౌస్ షీటు ముందుగా తెగేది ఎక్కడో చూడండి: జీఐ పైపు ఆనిన చోట, పైపు పొడవునా గీత గీసినట్టు. మధ్యలో షీటు ఇంకా సాగుతూనే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఆ పైపు చేతికి చుర్రుమనేంత వేడెక్కుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆక్సీకరణ వేగం, మందు ఆవిరయ్యే వేగం రెండూ పెరుగుతాయి. దీనికి విరుగుడు సులువు: షీటు కప్పేముందు పైపు పైభాగానికి తెల్ల రంగు వేయాలి. నీళ్లలో కలిపే అక్రిలిక్ రంగు అయి ఉండాలి, బాగా ఆరాలి. థిన్నర్ కలిపే రంగు సరిగా ఆరకపోతే ద్రావకం షీటులోకి దిగి నష్టం చేస్తుంది. షీటును వదులుగా వదిలితే గాలికి పైపు మీద కొట్టుకుంటూ అక్కడే రాపిడికి గురవుతుంది, కాబట్టి జిగ్‌జాగ్ స్ప్రింగ్ బిగింపు కూడా సరిగా ఉండాలి. స్ప్రింగ్ బదులు పీవీసీ గొట్టం ముక్కలను క్లిప్పులుగా వాడటం కనిపిస్తుంది. అది వద్దు. ఎండకు పీవీసీ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడుతుంది, తగిలిన చోట హాల్స్ పని ముగిసినట్టే.

ఆ ఆమ్లమే నాలుగో దారి, మన ప్రాంతానికి అన్నిటికంటే ముఖ్యమైనది. హాల్స్ అమైన్ జాతిది, అంటే క్షార స్వభావం. ఆమ్లం తగిలితే లవణంగా మారిపోతుంది, లవణమైన హాల్స్ నైట్రాక్సిల్ కాలేదు, ర్యాడికల్‌ను పట్టలేదు. పాలీహౌస్‌లో గులాబీకి, క్యాప్సికమ్‌కు, దోసకు బూడిద తెగులు వస్తే మొదట కొట్టేది గంధకం. షీటు మీద పడిన గంధకం ఎండలో ఆక్సీకరణ చెంది సల్ఫర్ డయాక్సైడ్, ఆపైన తేమతో కలిసి ఆమ్లం అవుతుంది. గంధకాన్ని ఆవిరి చేసే బర్నర్ షీటుకు దగ్గరగా వేలాడదీస్తే నష్టం ఇంకా ఎక్కువ. తెగుళ్ల మందు మాంకోజెబ్‌లో గంధకం ఉంది, మరో తెగుళ్ల మందు క్లోరోథలోనిల్‌లో, పురుగుమందు సైపర్‌మెత్రిన్‌లో క్లోరిన్ ఉంది. అవి ఎండకు విరిగినప్పుడు క్లోరిన్ ఆమ్లంగా బయటికి వస్తుంది. పంటకు కొట్టే ఈ మందులు మానేయమని ఎవరూ చెప్పరు, పంట ముఖ్యం. కానీ పిచికారీ గొట్టం తుంపర పైకి లేచి షీటును తడపకుండా మొక్క మీదే పడేలా చూసుకోవడం, కొట్టిన తర్వాత పక్క తెరలు ఎత్తి గాలి ఆడనివ్వడం, బర్నర్‌ను షీటుకు దూరంగా పెట్టడం, అప్పుడప్పుడు షీటు లోపలి వైపు మామూలు నీళ్లతో కడగడం రైతు చేతిలో ఉన్న పనులు.

షీటు కొనేటప్పుడే ‘గంధకం ఎక్కువగా కొడతాం’ అని చెప్పడం వాటన్నిటికంటే మేలు. నైట్రోజన్‌కు ఆక్సిజన్ కలిపి తయారుచేసిన ఎన్‌ఓఆర్ రకం హాల్స్‌కు క్షార గుణం బాగా తక్కువ, ఆమ్లాన్ని తట్టుకుంటుంది. ధర ఎక్కువ. పాలీహౌస్ వారంటీ కాగితాల్లో షీటులో గంధకం, క్లోరిన్ ఇన్ని పీపీఎమ్ (పది లక్షల్లో ఇన్ని పాళ్లు) దాటకూడదన్న షరతు సన్న అక్షరాల్లో ఉంటుంది. చిరిగిన షీటు ముక్కను పరీక్షకు పంపి ఆ పరిమితి దాటిందని తేలితే పరిహారం రాదు. ఆ అంకెను కొనకముందే చదవాలి, తర్వాత చదివి లాభం లేదు.

ఏళ్ల లెక్క ఎందుకు కుదరదు

షీటు ఆయుష్షును సంవత్సరాల్లో చెప్పడం కంటే కిలో లాంగ్లీల్లో చెప్పడం నిజాయితీ. ఒక కిలో లాంగ్లీ అంటే చదరపు మీటరుకు 41.84 మెగాజౌళ్ల సూర్యశక్తి. తిరుపతి ప్రాంతంలో రోజుకు సగటున చదరపు మీటరుకు 5.3 యూనిట్ల శక్తి పడుతుందనుకుంటే, ఏడాదికి దాదాపు 166 కిలో లాంగ్లీలు. మధ్య ఐరోపాలో ఇది 80 నుంచి 100 వరకే. అక్కడి లెక్కతో నాలుగేళ్ల షీటు అన్నది ఇక్కడికి వస్తే సుమారు రెండేళ్లే. పైగా 13.6 డిగ్రీల అక్షాంశంలో ఉన్న తిరుపతికి ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఇంకోసారి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్ నాటి ఎండకు వేడి కూడా తోడవుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ కిరణాలు కొంచెం ఎక్కువే అయినా గాలి చల్లన. ఒకే షీటు రెండు ఊళ్లలో ఒకేలా నడవదు.

‘ప్రయోగశాలలో 1000 గంటలు తట్టుకుంది’ అన్న మాటను కూడా విప్పి చూడాలి. ఏ దీపం కింద? యూవీఏ-340 దీపం 365 నానోమీటర్ల కింది భాగంలో సూర్యకాంతికి దగ్గరగా ఉంటుంది. యూవీబీ-313 దీపం నేల మీదికి ఎన్నడూ రాని 295 కంటే చిన్న కిరణాలను కూడా వెదజల్లుతుంది, దాని ఫలితాన్ని బట్టి రెండు షీట్లలో ఏది మేలో చెప్పడం తప్పుదారి పట్టిస్తుంది. క్సీనాన్ దీపం పూర్తి సూర్యకాంతికి దగ్గర. ఏ దీపమైనా దానికి గంధకం తెలియదు, జీఐ పైపు వేడి తెలియదు, ఈశాన్య రుతుపవనాల వాన తెలియదు. ‘ఇన్ని గంటలంటే ఇన్నేళ్లు’ అనే స్థిరమైన మార్పిడి లేదు. ఒకే యంత్రంలో పక్కపక్కన పెట్టిన రెండు సరుకులను పోల్చడానికి మాత్రం ఈ పరీక్ష బాగా పనికొస్తుంది.

మోతాదు విషయంలోనూ ఒక మెలిక ఉంది. తయారీదారు ‘4 శాతం యూవీ వేశాం’ అంటే అది చాలాసార్లు మాస్టర్‌బ్యాచ్ (మందును ముందే కలిపి ఉంచిన ప్లాస్టిక్ గుళికలు) శాతం. మాస్టర్‌బ్యాచ్‌లో అసలు మందు 20 శాతమే అయితే షీటులోకి చేరింది 0.8 శాతం. మాస్టర్‌బ్యాచ్ 10 శాతానిదైతే 0.4 శాతమే. అడగాల్సింది అసలు మందు ఎంత అని.

రంగులు, పూతలు, గట్టి షీట్లు

పాలీకార్బొనేట్ షీటు కథ వేరు. అందులో మందు షీటంతా పరుచుకుని ఉండదు. ఒకవైపు మాత్రం సాధారణంగా 30 నుంచి 50 మైక్రాన్ల పొరలో కిరణాలను పీల్చే మందు దట్టంగా ఉంటుంది. ఆ వైపు ఆకాశానికి ఉండాలి. ఏ వైపో చెప్పేది షీటుకు అంటించి వచ్చే అచ్చు వేసిన ప్లాస్టిక్ కాగితం ఒక్కటే, దాన్ని ముందే పీకేసి పనివాళ్లు షీటును తిరగేసి బిగిస్తే ఎవరికీ తెలియదు. ఏడాది, రెండేళ్లకు పచ్చబారి, వడగళ్లకు చిల్లులు పడ్డాక తెలుస్తుంది. కోసేటప్పుడు ప్రతి ముక్క మీదా పెన్నుతో ‘పై వైపు’ అని రాయించండి, బిగించాకే కాగితం తీయండి. దుమ్ము పోవడానికి గరుకు పీచుతో రుద్దితే పోయేది ఆ పొరే.

కారు రంగు పైన వేసే పారదర్శక పూత, అంటే క్లియర్ కోటు కూడా దాదాపు ఇంతే మందం, 40 నుంచి 50 మైక్రాన్లు. అందులో సాధారణంగా 2 శాతం పీల్చే మందు, 1 శాతం హాల్స్ ఉంటాయి. ఇక్కడ పీల్చే మందు పని కింది రంగును కాపాడటం. అది తరిగిపోతే కిరణాలు కిందికి దిగి, క్లియర్ కోటు రంగును పట్టుకున్న చోట బంధం ఊడుతుంది. బానెట్, పైకప్పు మీద తెల్లటి పొలుసులు లేచేది అందుకే. గీతలు పోవడానికి రబ్బింగ్ కాంపౌండ్ కొట్టిన ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు, వాటితోపాటు మందూ పోతుంది. ఆమ్ల ఉత్ప్రేరకంతో ఆరే క్లియర్ కోట్లలో మామూలు హాల్స్ ఆ ఆమ్లంతోనే కలిసిపోతుంది కాబట్టి అక్కడా ఎన్‌ఓఆర్ రకమే వాడతారు.

గోడ రంగులో సుద్ద రాలడం, అంటే వేలితో రుద్దితే తెల్ల పొడి అంటడం, రంగు పోయిందని కాదు, రంగును పట్టి ఉంచే బైండర్ పోయిందని. తెలుపు కోసం వేసే టైటానియం డయాక్సైడ్‌లో రూటైల్ రకం, అందులోనూ అల్యూమినా, సిలికా పూత ఉన్నది బయటి గోడకు తగినది. అనటేస్ రకం కిరణాల సాయంతో బైండర్‌ను తానే కొరికేస్తుంది. సుద్ద మీద మళ్లీ రంగు వేస్తే అది సుద్దకే అంటుకుని రాలిపోతుంది, కాబట్టి కడిగి, ప్రైమర్ వేశాకే పై పూత. ఇనుప గేటుకు వేసే ఎపాక్సీ ప్రైమర్ ఎండకు అసలు నిలవదు, దాని మీద అలిఫాటిక్ పాలీయురెథేన్ పూత తప్పనిసరి. బయట తేలి ఉన్న పీవీసీ పైపులకు నీళ్లలో కలిపే లేత రంగు ఒక పూత వేస్తే చాలు.

వార్నిష్, జిగురు, పూతల కంపెనీలు చాలాకాలం విస్తారంగా వాడిన యూవీ-328 అనే బెంజోట్రయజోల్‌ను 2023 మే నెలలో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చింది. అది పర్యావరణంలో విరగకుండా నిలిచిపోయి జీవుల శరీరాల్లో పేరుకుంటుంది. ప్లాస్టిక్ నుంచి కొట్టుకుపోయిన మందు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు ఇది ఒక గట్టి జవాబు.

మల్చింగ్ షీటు దగ్గర ఈ ప్రశ్న పొలంలోనే ఎదురవుతుంది. టమాటా పాదుల మీద పరిచిన 25 మైక్రాన్ల షీటులో మట్టిలో పూడ్చిన అంచులు పంట అయ్యాక కూడా కొత్తవాటిలా సాగుతాయి, ఎండ తగిలిన నడిభాగం మాత్రం పట్టి లాగితే ముక్కలవుతుంది. తీయబోతే అంచు చేతికి వస్తుంది, మధ్యది దుక్కిలో కలిసిపోతుంది, ఆ ముక్కలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. కాబట్టి షీటును పంట చివరి కోత దాకా కాదు, తీసి చుట్టేదాకా నిలిచే మోతాదు అడిగి కొనాలి. రెండో పంటకు కూడా అదే షీటు ఉంచే ముందు, ఎండ తగిలిన చోట వేలెడు వెడల్పు పట్టీ కోసి రెండు చేతులా మెల్లగా లాగి చూడండి. రెండింతలు సాగితే ఇంకా బలం ఉంది. సాగకుండా పుటుక్కున తెగితే ఆ వారమే తీసేయండి.

షేడ్‌నెట్ అయితే ఒక దారాన్ని పూర్తిగా మడిచి గోటితో నొక్కండి, క్రేటయితే మూలను గోటితో గీరండి. దారం తెగినా, గీరిన చోట తెల్లటి పొడి రాలినా పై పొర పోయినట్టే. ఎంత పెద్ద సరుకైనా కొన్న రోజున ఒక మీటరు ముక్కను తేదీ రాసి, నల్ల సంచిలో చుట్టి, ఇంట్లో చీకటి చోట దాచుకోండి. తర్వాత పేచీ వచ్చి చెన్నైలోని సిపెట్ వంటి పరీక్షశాలకు పంపాల్సి వస్తే, పాడైన ముక్కతో పోల్చడానికి ఆ కొత్త ముక్క లేకపోతే సాగే గుణం ఎంత పడిపోయిందో ఎవరూ లెక్క తేల్చలేరు.